మ్యాలమ్ ఊరి చుట్టూ నాన్నతో నడిచిన రోజు

మా అమ్మానాన్నలు పల్నాడు నుంచి ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఉన్న మా ఇంటికి వచ్చినప్పుడు, నాన్న అడిగినది ఒక్కటే: ఇక్కడి పల్లెటూళ్ళు, పొలాలు చూడాలని. అందుకే 2024 మే 18, శనివారం నాడు యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల ప్రాంతంలోని మ్యాలమ్ అనే ఊరికి వెళ్ళాము. ఊళ్ళో బయలుదేరి, పొలాల మీదుగా జలపాతాన్నీ, గోర్డేల్ స్కార్ అనే లోయనూ చూసి, కొండ ఎక్కి, మ్యాలమ్ కోవ్ అనే సున్నపురాతి కొండచరియ పక్కగా దిగి మళ్ళీ ఊళ్ళోకి వచ్చే చుట్టుదారి అది. మొత్తం సుమారు అయిదు మైళ్ళు, మూడు గంటలు పడుతుందని అందరూ చెబుతారు. అరవై ఏడేళ్ళ నాన్నతో మాకు ఎంత సమయం పట్టింది, ఎక్కడ ఇబ్బంది కలిగింది, ఎంత ఖర్చయింది అన్నవి వివరంగా రాస్తున్నాను. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళాలనుకునే మనవాళ్ళు ఈ దారి గురించి నన్ను తరచూ అడుగుతున్నారు.

ముందుగా చెప్పుల సంగతి. నాన్న జీవితమంతా మిరప చేలల్లో తిరిగిన మనిషి కాబట్టి తనకు బూట్లతో పనేమిటని అన్నారు. కానీ ఇక్కడి పొలాల్లో బురద, గొర్రెల పెంటిక, తడిసి నున్నబడిన రాళ్ళు ఉంటాయి కనుక చీలమండను పట్టి ఉంచే బూట్లు ఉండి తీరాలని నేను పట్టుబట్టాను. తగ్గింపు ధరలో అరవై పౌండ్లు అయ్యాయి. అది మన డబ్బులో ఆరు వేల పైచిలుకు అని తెలిసి నాన్న ఆ సాయంత్రమంతా బాధపడ్డారు. కొన్న రెండు వారాల పాటు రోజూ ఇంటి దగ్గరి పార్కులో వాటిని వేసుకునే నడిపించాను. కొత్త బూట్లతో నేరుగా కొండకు వెళితే మడమలు బొబ్బలెక్కుతాయి. మందపాటి ఉన్ని మేజోళ్ళు రెండు జతలు, ఆర్డినెన్స్ సర్వే అనే ఇక్కడి ప్రభుత్వ పటాల సంస్థ వేసిన ఓఎల్ 2 పటం కూడా కొన్నాము. ఆ పటంలో ఒక కిలోమీటరు నేల నాలుగు సెంటీమీటర్లుగా కనిపిస్తుంది, ప్రతి రాతిగోడా ఒక సన్నని గీతగా ఉంటుంది, నడిచే హక్కు ఉన్న దారులు ఆకుపచ్చ చుక్కగీతలుగా ఉంటాయి. ఫోనులో పటం ఉన్నా కాగితం పటం కొనడం ఎంత మంచిదయిందో ఆ మధ్యాహ్నం తెలిసింది.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. అందువల్ల ఇలా అనుకున్నాము: నేనూ నాన్నా చుట్టుదారి అంతా నడుస్తాము, మావారు అమ్మనూ మా అబ్బాయినీ ఊళ్ళో కాసేపు తిప్పి, చదునుగా ఉండే బాట మీదుగా మ్యాలమ్ కోవ్ అడుగుకు తీసుకువస్తారు, ఒంటిగంటన్నరకు అందరం అక్కడ కలుస్తాము.

ఉదయం ఎనిమిదింబావుకు కారులో బయలుదేరాము. లీడ్స్ నుంచి దాదాపు 40 మైళ్ళు. స్కిప్టన్ దాటి గార్‌గ్రేవ్ దగ్గర పెద్ద రోడ్డు వదిలాక, రెండు వైపులా రాతిగోడల మధ్య దారి అంతకంతకూ ఇరుకైపోతుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. తొమ్మిది నలభైకి చేరేటప్పటికే నేషనల్ పార్కు సమాచార కేంద్రం దగ్గరి పార్కింగులో ముప్పాతిక భాగం నిండిపోయింది. పది దాటితే ఊరి బయట రోడ్డు పక్కన వరుస కట్టాల్సి వస్తుంది. పార్కింగు రుసుము తప్ప ఆ నడకకు టిక్కెట్టు గానీ, గేటు గానీ, పేరు రాసుకోవడం గానీ ఏమీ లేదు. మరుగుదొడ్లు అక్కడే ఉన్నాయి. ఆ తరువాత చుట్టుదారిలో ఎక్కడా లేవు కాబట్టి పెద్దవాళ్ళకు ఈ మాట ముందే చెప్పాలి.

పది దాటి అయిదు నిమిషాలకు చిన్న రాతి వంతెన మీదుగా వాగు దాటి పొలాల్లోకి అడుగుపెట్టాము. మొదటి గేటు దగ్గరే నాన్న ఆగిపోయారు. గేటుకు అవతల ఎవరిదో మేత పొలం, అందులో గొర్రెలు, వాటి పక్కన పదిహేను రోజుల పిల్లలు. దానికి అడ్డంగా బాట పోతోంది. "ఇది ఎవరి పొలమో ఏమోనమ్మా, ఆయన్ని అడగకుండా మనం పోవచ్చా?" అన్నారు. పోవచ్చని, పొలం ఆయనదే అయినా ఆ బాట మీద నడిచే హక్కు అందరిదీ అని చెప్పాను. 1949లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ప్రతి కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, తన పరిధిలోని నడకదారులన్నిటినీ పటాల మీద గుర్తించింది. పటంలోకి ఎక్కిన దారిని రైతు మూసెయ్యడానికి వీల్లేదు. నాగలి కింద పోయినా మళ్ళీ నడవడానికి వీలుగా చేసి ఇవ్వాలి. నడిచేవాళ్ళు గేటు తీసినది తీసినట్టు వదలకుండా, ఉన్నది ఉన్నట్టే ఉంచి వెళ్ళాలి, కుక్కను తాడుతో పట్టుకోవాలి.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మా ఊరి డొంక గురించి చెప్పడం మొదలుపెట్టారు. నా చిన్నతనంలో ఎడ్లబండి పోయిన డొంకను రెండు వైపుల చేలవాళ్ళూ ఏటా ఒక్కో చాలు కలుపుకుంటూ వచ్చి, ఇప్పుడు మనిషి అడ్డంగా నడవడానికి కూడా లేకుండా చేశారట. లోపలి చేలవాళ్ళు మిరపకాయ బస్తాలు నెత్తిన మోసుకుని రోడ్డెక్కుతున్నారట. ఆ తగాదా మండల ఆఫీసులో ఏళ్ళ తరబడి నలుగుతున్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనకు ఆ రోజు జలపాతం కంటే, కొండ కంటే, పసుపు బాణం గుర్తు వేసిన ఆ కొయ్య స్తంభాలే ఎక్కువ నచ్చాయని నేను నమ్ముతున్నాను. ప్రతి స్తంభం దగ్గరా ఆగి దాని మీద చెయ్యి వేసి చూశారు.

గోడలను కూడా అంతే శ్రద్ధగా చూశారు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర పెరిగిన మనిషికి ఆ రాయి సున్నపురాయి అని ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంత సున్నపురాయి ఉండీ గోడలో సున్నం ఎందుకు వాడలేదన్నదే ఆయన ప్రశ్న. గోడ ఒకచోట కూలి లోపలి కట్టుబడి బయటపడితే జవాబు ఆయనే కనుక్కున్నారు. రెండు వరుసల రాళ్ళను ఒకదానివైపు ఒకటి కొద్దిగా వాలేటట్టు పేర్చి, మధ్యలో చిన్న రాళ్ళు కూరి, నడుమ నడుమ రెండు వరుసలనూ కలిపే పొడవాటి రాయి అడ్డంగా వేసి, పైన నిలువు రాళ్ళతో బరువు పెట్టారు. గాలీ నీళ్ళూ సందుల్లోంచి పోతాయి కాబట్టి గోడకు ఒత్తిడి ఉండదు. కొన్ని గోడల్లో గేటుకు బదులు సన్నని చీలిక ఉంటుంది. మనిషి పక్కకు తిరిగి దూరగలడు, గొర్రె దూరలేదు. వీపున సంచి ఉన్నవాళ్ళు దాన్ని తీసి ముందు అటువైపు అందించాలి. ఇలాంటివీ, గేట్లూ కలిపి ప్రతిచోటా మాకు రెండు మూడు నిమిషాలు పట్టింది. మూడు గంటల లెక్కలో ఈ నిమిషాలను ఎవరూ కలపరు.

తరువాత దారి వాగు వెంట చెట్లలోకి పోతుంది. మే నెలలో ఆ అడవి నేలంతా అడవి వెల్లుల్లి తెల్లగా పూసి ఉంటుంది. చెట్లలోకి వెళ్ళకముందే వాసన తగిలి, ఎవరో తిరగమోత పెడుతున్నారా అని నాన్న అటూ ఇటూ చూశారు. అడవి చివర జానెట్స్ ఫాస్ అనే చిన్న జలపాతం ఉంది. వెనక గుహలో జానెట్ అనే యక్షిణి ఉంటుందని అక్కడివాళ్ళ కథ. జలపాతం కింది మడుగులో పూర్వం ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడిగేవారు. అక్కడ ఫొటో తీసుకోవాలంటే వరుసలో పది నిమిషాలు నిలబడాలి. మేము తీసుకోలేదు.

రోడ్డెక్కి కాస్త దూరం నడిస్తే గోర్డేల్ వంతెన, అక్కడి నుంచి ఎడమకు గోర్డేల్ స్కార్. పచ్చటి మైదానంలో నడుస్తూ ఒక మలుపు తిరిగేసరికి రెండు వైపులా వంద మీటర్లకు పైగా రాతిగోడలు లేచి పైకప్పులా ముందుకు వంగి ఉంటాయి. మధ్యలోంచి నీళ్ళు దూకుతుంటాయి. జేమ్స్ వార్డ్ అనే చిత్రకారుడు ఈ చోటును పందొమ్మిదో శతాబ్దం మొదట్లో గోడంత చిత్రంగా వేశాడు. అది లండన్ టేట్ గ్యాలరీ సొత్తు. ఫొటోలో మాత్రం ఈ లోయ ఇమడదు. జలపాతం పక్కనున్న రాళ్ళు పట్టుకుని పైకి ఎక్కే దారి ఒకటి ఉంది. కుర్రవాళ్ళు ఎక్కుతున్నారు కానీ తడి రాయి మీద చేతులూ కాళ్ళూ వాడి ఎక్కాలి కనుక పెద్దవాళ్ళతో ఆ ఆలోచనే వద్దు. వచ్చిన దారినే వంతెన దగ్గరకు తిరిగి రావాలి. అక్కడే రాళ్ళ మీద కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాము. పక్కన కూర్చున్న ముసలి దంపతులు తమ బిస్కెట్లు మాకు ఇచ్చారు, మేము పులిహోర ఇచ్చాము. అప్పటికి పన్నెండున్నర అయింది.

అసలు శ్రమ ఆ తరువాతే. వంతెన నుంచి పొలాల మీదుగా దారి ఎక్కుతూనే ఉంటుంది. నిటారుగా ఏమీ ఉండదు, కానీ ఎక్కడా ఆగదు. నాన్న ప్రతి గోడ దగ్గరా నిలబడి ఊపిరి తీసుకున్నారు. చిన్న జల్లు పడి వెలిసింది. ఒకచోట దూడలతో ఉన్న ఆవులు సరిగ్గా బాట మీదే నిలబడ్డాయి. నాన్న వాటి మధ్య నుంచే వెళ్ళబోయారు. మన ఊరి ఆవులు వేరు, ఇవి దూడల జోలికి మనిషి వస్తే తరుముతాయి, ఏటా ఈ దేశంలో ఇలా దెబ్బలు తగిలేవాళ్ళు ఉన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని గోడ వారగా దూరంగా చుట్టి తీసుకువెళ్ళాను. కాగితం పటంలో ఆ పొలం గోడలన్నీ కనిపించడం వల్లే ఎటు చుట్టి మళ్ళీ బాటలో కలవాలో తెలిసింది. ఫోనులో అప్పటికి సిగ్నల్ లేదు. ఒంటిగంటన్నర అయ్యేసరికి మేము ఇంకా కొండ రోడ్డు దాటలేదు, అమ్మవాళ్ళకు ఆ మాట చెప్పే మార్గం లేదు. అప్పటినుంచి నా మనసు దారి మీద లేదు. తొందరపెడితే నాన్న కాలు జారుతుందేమోనని భయం, నెమ్మదిగా పోతే అమ్మ కంగారుపడుతుందని భయం.

రెండుకు పది నిమిషాల ముందు మ్యాలమ్ కోవ్ పైభాగానికి చేరాము. అంత కంగారులోనూ అక్కడ నేను ఆగకుండా ఉండలేకపోయాను. కొండ నెత్తిన ఎకరాల కొద్దీ పరిచిన బండ, దాని నిండా నిలువునా అడ్డంగా లోతైన చీలికలు. మంచుయుగంలో హిమానీనదం పైమట్టిని గీకేశాక, వేల ఏళ్ళ వానలు సున్నపురాతి పగుళ్ళను కరిగించి ఆ చీలికలు చేశాయి. రాయి వయసు 33 కోట్ల సంవత్సరాల పైన. నాన్న ఒక చీలిక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టారు. లోపల చల్లగా, తేమగా ఉందన్నారు. వంగి చూస్తే అడుగున నాలుకలా పొడవుగా, నిగనిగలాడే ఆకులున్న మొక్క ఒకటి ఉంది. గొర్రె మూతికి అందదు, గాలి తగలదు, అందుకే పైన గడ్డి కూడా లేని చోట లోపల అది పచ్చగా బతుకుతోంది. ఆయన దాన్ని తుంచలేదు, వేలితో ఆకు వెనక్కి తిప్పి గీతలు చూసి వదిలేశారు. ఇంగ్లండ్ తోటల అలంకరణ కోసం పూర్వం ఇలాంటి బండలను కొట్టి పట్టుకుపోయేవారు. ఇప్పుడు చట్టం వాటిని కాపాడుతోంది.

ఆ బండ మీద నడవడానికి మాత్రం చాలా జాగ్రత్త కావాలి. లక్షల పాదాలు తొక్కి పైభాగం అద్దంలా నున్నబడింది. తడిగా ఉన్నప్పుడు బూట్లు కూడా నిలవవు. చీలికలో కాలు పడితే చీలమండ విరుగుతుంది. అంచు దగ్గర కంచె లేదు, కిందికి 80 మీటర్లు. పిల్లలతో వచ్చేవాళ్ళు వాళ్ళ చెయ్యి వదలకూడదు. దాటడానికి మాకు నలభై నిమిషాలు పట్టింది. నాన్న ఒక్కో రాయి చూసుకుని అడుగు వేశారు. నేను ఆయన ముందు వెనక్కి తిరిగి నడిచాను. ఆ పైన ఒకచోట ఫోనులో ఒక్క గీత సిగ్నల్ కనిపిస్తే, బాగానే ఉన్నాము, దిగుతున్నాము అని మావారికి మెసేజ్ పెట్టాను. అది చేరలేదని కిందికి వచ్చాకే తెలిసింది.

పడమటి వైపు నుంచి దిగడానికి దాదాపు 400 రాతి మెట్లు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కిన నాన్న ఆ సంఖ్య విని తేలిగ్గా తీసుకున్నారు. కానీ అలిపిరి మెట్లు వరుసగా, ఒకే ఎత్తులో ఉంటాయి, పైగా ఆయన ఎక్కారు, దిగలేదు. ఇక్కడ ఒక మెట్టు జానెడు, తరువాతది మోకాలెత్తు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మోకాళ్ళు వణుకుతున్నాయని ఆయన నాతో అనడం అదే మొదటిసారి. మూడుచోట్ల కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి దింపాను. ఈ మెట్ల దారి పెన్నైన్ వే అనే 268 మైళ్ళ నడకదారిలో భాగం. ఆ దారిని 1965 ఏప్రిల్ 24న ఈ మ్యాలమ్ కొండల మీదే ప్రారంభించారు. 1932లో అదే తేదీన కిండర్ స్కౌట్ అనే కొండ మీద నడిచే హక్కు కోసం వందలమంది కార్మికులు జమీందార్ల భూమిలోకి నడిచి వెళ్ళారు, అందులో అయిదుగురు జైలుకు కూడా పోయారు. కూర్చున్న చోట ఇది నాన్నకు చెబితే, "ఊరికే రాలేదన్నమాట ఈ దారి" అని మళ్ళీ లేచారు.

మూడూ పదికి కింద అమ్మ ఎర్ర శాలువా కనిపించింది. వాళ్ళు ఒంటిగంటంబావుకే వచ్చారట. మూడున్నర దాకా చూసి, రాకపోతే మావారు ఊళ్ళోకి పోయి అత్యవసర నంబరు 999కు ఫోన్ చేద్దామని అనుకున్నారట. ఇక్కడ కొండల్లో ఆపద వస్తే 999కు చేసి ముందు పోలీసులను, వాళ్ళ ద్వారా పర్వత రక్షక దళాన్ని అడగాలి. మన ఫోను నుంచి 999కే register అని మెసేజ్ పంపి ముందే నమోదు చేసుకుంటే, మాట్లాడేంత సిగ్నల్ లేనిచోట కూడా 999కు మెసేజ్ పెట్టవచ్చు. నేను ఆ రాత్రే నలుగురి ఫోన్లలోనూ నమోదు చేశాను. అమ్మ నన్ను ఏమీ అనలేదు. నాన్న ముఖం తుడిచి, "ఇంతసేపు ఏం చేశారు మీరు?" అని ఒక్క మాట అడిగి, ఆయన బూట్ల తాళ్ళు విప్పడానికి కింద కూర్చుంది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

నిజానికి వాళ్ళకు అక్కడ కాలం బాగానే గడిచిందట. ఆ కొండచరియలో భైరి డేగలు గూడు కడతాయి. పెద్ద దుర్భిణితో వచ్చిన ఒకాయన అమ్మకూ మా అబ్బాయికీ అరగంట సేపు వాటిని చూపించారు. కొండ అడుగున రాతి కింది నుంచి చప్పుడు లేకుండా వాగు పుడుతుంది. పైన మ్యాలమ్ టార్న్ చెరువు నుంచి వచ్చి భూమిలోకి ఇంకిపోయే నీళ్ళే ఇక్కడ తేలుతున్నాయని చూసినవాళ్ళందరూ అనుకుంటారు. కానీ రంగు కలిపి పరీక్షిస్తే ఆ నీళ్ళు ఊరికి దిగువన వేరే ఊటల్లో తేలాయి, ఇక్కడ పుట్టే వాగు మరో చోట ఇంకినది. రెండూ కలిసి ఎయిర్ నది అవుతుంది, అది మా లీడ్స్ నడిబొడ్డు నుంచి పోతుంది. 2015 డిసెంబరు 6న భారీ తుపాను వానలకు ఈ కొండ అంచు మీది నుంచి జలపాతం దూకింది. అంతకు ముందు అలా దూకడం ఎవరి జ్ఞాపకంలోనూ లేదు.

ఊళ్ళోకి చదును బాట మీద అరగంట నడక. టీ దుకాణంలో ఇరవై అయిదు నిమిషాలు వరుసలో నిలబడ్డాము. అయిదుగురికి టీలు, స్కోన్లు అనే చిన్న రొట్టెలు కలిపి ముప్పై పౌండ్ల లోపే అయ్యాయి. ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. చుట్టుదారికి మాకు మొత్తం అయిదున్నర గంటలకు పైగా పట్టింది. మరుసటి రోజు నాన్న మెట్లు దిగలేక పై గదిలోనే భోజనం చేశారు, మంగళవారానికి తేరుకున్నారు. ఎక్కడం వల్ల కాదు, దిగడం వల్లే ఆ నొప్పి. చేతికర్రలు రెండు తీసుకువెళ్ళి ఉంటే సగం తగ్గేదని మా డాక్టరు స్నేహితురాలు చెప్పింది.

మోకాళ్ళు బాగాలేని పెద్దవాళ్ళకు చుట్టుదారి అక్కర్లేదు. ఊరి నుంచి కోవ్ అడుగుకు వెళ్ళే బాట గట్టిగా, చదునుగా ఉంటుంది, అమ్మ చెప్పులతోనే నడిచింది. జానెట్స్ ఫాస్ దాకా కూడా దాదాపు ఎత్తు లేదు, అడవిలో కొంత రాళ్ళూ వేళ్ళూ ఉంటాయి అంతే. ఈ రెండూ విడివిడిగా పోయి వస్తే కొండ ఎక్కకుండానే రోజు నిండుతుంది. మొత్తం చుట్టి రావాలనుకునేవాళ్ళు మాత్రం వాన పడిన మరునాడు వెళ్ళకండి, పదిలోపు బయలుదేరండి, కలుసుకునే సమయం చెప్పేటప్పుడు అందరూ చెప్పే మూడు గంటలను రెట్టింపు చేసి చెప్పండి.